మెర్ల్ ఓబర్‌హౌస్ తెచ్చిన నంబరు లేని ఇంజన్లు

మిత్రులారా,

ముందుగా ఆర్లీన్ గారికీ, ఆమె పక్కన కూర్చున్న కూతుళ్ళిద్దరికీ ఈ హాల్లో ఉన్న అందరి తరఫునా ఒక మాట. మీ ఇంట్లో కలిగిన లోటు పెద్దది. దాన్ని మేం పూడ్చలేం. పక్కన కూర్చోగలం, అంతే. అందుకే వచ్చాం. ఈ మంచులో, పాల్డింగ్ చుట్టుపక్కల సగం రోడ్లు మూసేసిన రోజున, ఈ ఫైర్ స్టేషన్ హాల్లో కుర్చీలు చాలక జనం గోడలకు ఆనుకుని నిలబడ్డారు. మెర్ల్ చూసి ఉంటే సిగ్గుతో తల దించుకునేవాడు. పోయిన మంగళవారం ఉదయం, ముందు కాఫీ కప్పు పెట్టుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే వెళ్ళిపోయాడు.

నన్ను మాట్లాడమని ఆర్లీన్ గారు ఫోన్ చేసినప్పుడు, "నా వల్ల కాదమ్మా, పాస్టరు గారిని అడగండి" అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. "ఆయన నీ పేరే చెప్పాడు డెల్బర్ట్. పొగిడేవాడు వద్దు, జరిగింది చెప్పేవాడు కావాలన్నాడు" అన్నారు.

కాబట్టి జరిగింది చెబుతాను. నన్ను ఎరగనివారి కోసం: నా పేరు డెల్బర్ట్ కూన్స్. ధాన్యం గిడ్డంగిలో పనిచేసి రిటైరయ్యాను. మెర్ల్ నాకు చుట్టం కాదు. చాలా ఏళ్ళు స్నేహితుడూ కాదు. మెర్ల్ నాకు అన్యాయం చేసినవాడు. ఈ మాట ఆయన భార్యాబిడ్డల ముందు అంటున్నందుకు నాకు ఇబ్బందిగానే ఉంది. కానీ ఈ మాట వదిలేసి మెర్ల్ గురించి మాట్లాడితే, అది మెర్ల్ గురించి మాట్లాడినట్టు కాదు.

మా కాలపు ఆ వేగం కార్లను ఇప్పుడు మజిల్ కార్లు అంటున్నారు. ప్రదర్శనల్లో చుట్టూ తాడు కట్టి, దూరంగా నిలబడి చూడమంటున్నారు. మా కుర్రతనంలో అవి ఉట్టి బండ్లే. చిన్న బండిలో లారీకి సరిపోయే ఇంజన్ పెట్టి అమ్మేవారు. కొనేది ఎవరు? మాలాంటి ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు. కొని ఏం చేస్తారు? శనివారం సాయంత్రం కాలవ గట్టు రోడ్డు మీద పందాలు వేస్తారు. ఇంజన్ పగలగొట్టుకుంటారు. సోమవారం అమాయకపు మొహాలు వేసుకుని షోరూముకు పోతారు. "ఏమో సార్, చర్చికి పోతుంటే ఆగిపోయింది" అంటారు. నవ్వండి, పర్వాలేదు. ఆ మాట చెప్పినవాళ్ళు ఈ హాల్లో చాలామంది ఉన్నారు. మా పెద్దమ్మ కొడుకు హెర్బ్ ఇదిగో ఈ మూల కూర్చున్నాడు. హెర్బ్ బుధవారం రాత్రి చర్చికి పోయానన్నాడు. హెర్బ్‌ని ఈస్టరుకి కూడా చర్చిలో చూసినవాడు లేడు. అయినా వాడికి కంపెనీ కొత్త ఇంజన్ ఇచ్చింది.

అలా వారంటీ కింద వచ్చే ఇంజన్‌కు ఒక గుర్తు ఉండేది. బండితో పుట్టిన ఇంజన్ మీద ఆ బండి నంబరే కొట్టి ఉంటుంది. తర్వాత పెట్టెలో వచ్చిన ఇంజన్ మీద ఆ చోటు నున్నగా ఉంటుంది. ఏ నంబరూ ఉండదు. ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకుంటే నేను చెప్పేదంతా అర్థమవుతుంది.

ఎవరికి కొత్త ఇంజన్ ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు అని తేల్చడానికి కంపెనీ ఒక మనిషిని పంపేది. ఆయన టోపీ పెట్టుకుని, టై కట్టుకుని, షెడ్డు షెడ్డుకూ తిరిగేవాడు. విప్పిన ఇంజన్ చూసి, టైర్లు చూసి, కుర్రాడి మొహం చూసి, తీర్పు చెప్పేవాడు. ఆ మనిషే మెర్ల్ ఓబర్‌హౌస్.

నా బండి ఆకుపచ్చది. కొన్న ఏడాదే శీతకాలంలో ఇంజన్ సీజై బిగుసుకుపోయింది. మిత్రులారా, నేను ఆ బండిని పందానికి తీసుకుపోలేదు. ఒక్కసారి కూడా. కారణం ఏమిటో చెప్పనా? భయం. మా నాన్న ఇర్విన్ కూన్స్ అప్పుకు హామీ సంతకం పెట్టాడు. మా నాన్న సంతకం పెట్టడమంటే మీలో పెద్దవాళ్ళకు తెలుసు. ఆయన చర్చి పెద్ద. మాట ఇస్తే మాటే. "ఈ బండితో పిచ్చి వేషాలు వెయ్యనని చెప్పు" అన్నాడు. వెయ్యనన్నాను. వెయ్యలేదు.

మెర్ల్ వచ్చిన రోజు మా నాన్న కూడా షెడ్డుకు వచ్చాడు. ఇంజన్ కింద నుంచి ఆయిల్ చాంబరు విప్పి బల్ల మీద పెట్టారు. మెర్ల్ అందులో వేళ్ళు పెట్టి చూశాడు. రెండు వేళ్ళు రాసి చూసుకున్నాడు. గుడ్డతో తుడుచుకున్నాడు. తుడుచుకుని, నా వైపు కాదు, మా నాన్న వైపు చూసి, "పందాల్లో పాడు చేశాడండీ మీ అబ్బాయి. దీనికి కంపెనీ బాధ్యత లేదు" అన్నాడు.

నేను లేదన్నాను. ఒట్టు వేశాను. షెడ్డులో ఎవరో నవ్వారు. అందరూ అదే అంటారు కదా! హెర్బ్ కూడా అలాగే ఒట్టు వేశాడు కదా!

మా నాన్న నన్ను ట్రక్కులో ఇంటికి తీసుకొచ్చాడు. ఇంటి ముందు ఆపి, "నా సంతకం మీద అబద్ధమాడావు" అన్నాడు. అంతే. తిట్టలేదు, కొట్టలేదు. తర్వాత ఆ ఊసే ఎత్తలేదు. కానీ ఆ రోజు నుంచి ట్రాక్టరు తాళం నా చేతికి ఇవ్వలేదు. మా తమ్ముడికి ఇచ్చాడు. విత్తనాల కాలంలో నన్ను పక్కన నిలబెట్టుకుని తమ్ముడిని పిలిచేవాడు. నాకు పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, తల నెరవడం మొదలైంది. ఆ తాళం మాత్రం నా చేతికి రాలేదు. ఆయన ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడు నేను మళ్ళీ చెప్పాను, "నాన్నా, నేను పందానికి పోలేదు" అని. ఆయన నా చెయ్యి తట్టి, "పోనీలేరా, కుర్రతనం" అన్నాడు. క్షమించాడు మిత్రులారా. చెయ్యని తప్పుకు మా నాన్న నన్ను క్షమించి పోయాడు. అంతకంటే తిట్టి ఉన్నా బాగుండేది.

ఆ బండి మా కొట్టంలో పాత పరదా కింద ఉండిపోయింది. కోళ్ళు సీట్లలో గుడ్లు పెట్టేవి. అమ్మెయ్యమని నా భార్య లూయెల్లా చాలాసార్లు అంది. నేను అమ్మలేదు. ఎందుకో నాకూ తెలియదు.

ఇక మెర్ల్ వైపు సంగతి. ఇది తర్వాత ఆయన నోటితో నాకు చెప్పింది.

రిటైరైన తర్వాత ఒక వేసవిలో మెర్ల్, ఆర్లీన్ గారు ఫోర్ట్ వేన్‌లో పాత కార్ల ప్రదర్శనకు వెళ్ళారు. అక్కడ ప్యాట్సీ డోర్‌సెట్ అని ఒకావిడ ఎర్ర బండి పెట్టుకుని కూర్చుంది. ఇంజన్ మీద నంబరు లేదు. బేరగాళ్ళు వచ్చి, ఆ నున్నటి చోటు చూసి, బండితో పుట్టిన ఇంజన్ కాదని పెదవి విరిచి వెళ్ళిపోతున్నారు. మెర్ల్ ఆగి చూశాడు. ఆ బండి ఆయనకు గుర్తొచ్చింది. దానికి కొత్త ఇంజన్ మంజూరు చేసింది తనే. ఆవిడ కూడా ఆయన్ని గుర్తుపట్టింది. లేచి వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. "అప్పుడు ఆడపిల్లని, నర్సు ఉద్యోగానికి పోవాలి, బండి లేకపోతే నా బతుకు లేదు. నా మాట మీరొక్కరే నమ్మారు సార్" అంది. బుట్టలోంచి ఇంట్లో కాల్చిన తియ్యటి యాపిల్ పై ముక్క ఒకటి తీసి, కాగితం పళ్ళెంలో పెట్టి ఇచ్చింది.

మెర్ల్ ఆ ముక్క తినలేకపోయాడు. ఆర్లీన్ గారూ, మీకు గుర్తుండే ఉంటుంది. దారి పొడుగునా కాగితం పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడట. ఇల్లు చేరాక మీకు చెప్పాడట, "నమ్మినందుకు నాకు దణ్ణం పెడుతోంది. నమ్మకపోతే ఏమయ్యేదో ఇన్నేళ్ళలో ఒక్కసారి ఆలోచించలేదు" అని.

అక్కడ నుంచి మొదలైంది.

మీలో చాలామందికి తెలియని సంగతి ఇప్పుడు చెబుతున్నాను. నా బండి విషయంలో మెర్ల్ పొరపాటు పడలేదు. మెర్ల్‌కు తెలుసు. ఆ ఏడాది పోత పోసిన ఇంజన్లలో కొన్నింటిలో ఆయిలు పారే దారుల్లో పోత అచ్చులకు వాడే ఇసుక ఉండిపోయింది. ఆ ఇసుక ఆయిలుతో తిరిగి బేరింగులు తినేసింది. నా బండి చాంబరులో మెర్ల్ వేళ్ళకు తగిలింది ఆ ఇసుకే. తగిలింది, తెలిసింది, తుడుచుకున్నాడు. అప్పటికే ఆ నెలలో ఎక్కువ ఇంజన్లు మంజూరు చేశావని పై అధికారి గట్టిగా మందలించాడట. "ఎందుకు చేశావు?" అని నేను అడిగితే మెర్ల్ ఆ అధికారి పేరు చెప్పలేదు, కంపెనీని అనలేదు. "భయపడ్డాను" అన్నాడు. ఒక్క మాట.

ఆ రోజు ఆ షెడ్డులో ఉన్నది మెర్ల్ ఒక్కడే కాదు. చాంబరు విప్పిన చేతులు వేరే ఉన్నాయి. కడిగిన చేతులు వేరే ఉన్నాయి. వాళ్ళకూ ఇసుక తగిలే ఉంటుంది. పేర్లు చెప్పను. కొందరు పోయారు, కొందరు ఇక్కడే ఉన్నారు. మెర్ల్ ఏనాడూ వాళ్ళ మీద వేలు చూపలేదు. నేను మాత్రం ఒకటి అడుగుతాను. ఆ రోజు ఒక్కరు నోరు విప్పి ఉంటే? అబద్ధమాడి ఇంజన్లు పట్టుకుపోయిన మన హెర్బ్‌లు వేసిన అన్ని దొంగ ఒట్లు లేకపోతే, నా ఒట్టును ఎవరైనా నమ్మి ఉండేవారా? హెర్బ్, నిన్ను ఒక్కడినే అనడం లేదురా. మనందరం కలిసి ఆ మాటను అరగదీశాం. అరిగిపోయిన మాటను మెర్ల్ చేతిలో పెట్టి, తీర్పు చెప్పమన్నాం. చెప్పాడు. ఆ తర్వాత దాని బరువు ఆయన ఒక్కడే మోశాడు.

ఎలా మోశాడు? తను కాదన్న మనుషులను ఒక్కొక్కరినే వెతుక్కుంటూ పోయాడు. ఆయన దగ్గర కాగితాలేమీ లేవు. మొహాలు గుర్తున్నాయి. ఊళ్ళు గుర్తున్నాయి. మూతపడ్డ షోరూముల అటకల మీద, పాత సామాన్ల వాళ్ళ కొట్టాల్లో, ఆ కాలపు వారంటీ ఇంజన్లు పెట్టె విప్పకుండా ఎక్కడైనా ఉన్నాయా అని తిరిగాడు. తుక్కు బండిలోంచి ఇంజన్ తీసి ఇవ్వడం తేలిక. ఒప్పుకోలేదు. "ఆ రోజు ఏది ఇవ్వాల్సి ఉందో అదే ఇవ్వాలి" అనేవాడు. తర్వాత నేను ఆయనతో తిరిగే రోజుల్లో టొలీడోలో ఒకడు, నున్నటి చోట బండి నంబరు కొట్టిస్తాను, పుట్టినప్పటి ఇంజన్ కాదని ఎవడూ కనిపెట్టలేడు అన్నాడు. మెర్ల్‌కు కోపం రావడం నేను మొదటిసారి చూసింది అప్పుడే. "ఒక్క అబద్ధం దించడానికి నా ప్రాణం పోతోంది. ఇంకోటి ఎక్కించమంటావా?" అన్నాడు.

నా ఇంటికి నవంబరులో వచ్చాడు. ట్రక్కు వెనక పెట్టె. తలుపు తీస్తే టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డ ముసలాయన. నేను వెంటనే గుర్తుపట్టాను. ఆయన గుమ్మంలోనే నిలబడి చెప్పాడు, ఇసుక సంగతంతా. లోపలికి రమ్మని నేను అనలేదు. చెప్పడం అయ్యాక, "ఇది నీదే బాబూ, తెచ్చాను" అన్నాడు.

నేనేమన్నానో తెలుసా? "ఇంజన్ నాకెందుకు? వచ్చి మా నాన్నకు చెప్పు" అన్నాను.

ఆయన్ని నా ట్రక్కులో ఎక్కించుకుని లూథరన్ చర్చి వెనక శ్మశానానికి తీసుకుపోయాను. కోసేసిన మొక్కజొన్న చేల మీదుగా గాలి కొడుతోంది. మెర్ల్ మా నాన్న సమాధి రాయి ముందు నిలబడ్డాడు. "కూన్స్ గారూ, నా పేరు మెర్ల్ ఓబర్‌హౌస్. మీ అబ్బాయి అబద్ధం చెప్పలేదండీ. చెప్పింది నేను" అన్నాడు. నేను, "వినపడలేదు" అన్నాను. మళ్ళీ చెప్పాడు. "ఇంకా గట్టిగా చెప్పు" అన్నాను. గొంతు చించుకుని అరిచాడు. దూరంగా సమాధికి పూలు పెడుతున్న ఒకావిడ తిరిగి చూసింది. ఆయనకు దగ్గు వచ్చి, రాయి పట్టుకుని వంగిపోయాడు.

మొదటిసారి చెప్పింది న్యాయం. రెండోసారి నా కోసం. మూడోసారి ఎవరి కోసం? ఆ మూడోసారి నాకు ఇప్పటికీ లోపల గుచ్చుకుంటుంది. అన్నం తింటుంటే గుర్తొస్తుంది. మా నాన్న ఉండి ఉంటే మొదటి మాటకే ఆయన భుజం మీద చెయ్యి వేసి ఉండేవాడు. అది నాకు అప్పుడే తెలుసు. తెలిసే అరిపించాను. ఆర్లీన్ గారూ, ఈ సంగతి ఆయన మీకు చెప్పి ఉండడు. అటువంటివి చెప్పే మనిషి కాదు. అందుకే నేను చెబుతున్నాను.

ఇంటికి తిరిగొచ్చేసరికి లూయెల్లా నూడిల్స్, ఉడకబెట్టిన బంగాళాదుంపల ముద్ద వడ్డించి పెట్టింది. నన్ను చూసి, "ఏమయ్యా, మనిషి వణికిపోతున్నాడు, అలా నిలబెట్టావేం? కూర్చోబెట్టు" అని నా మీద అరిచింది. అలా కూర్చున్నాడు మెర్ల్ మా బల్ల దగ్గర. ఆ శీతకాలమంతా వచ్చాడు. కోళ్ళను తరిమి, పాత ఇంజన్ దించి, గొలుసు కప్పీ వేసి ఇద్దరం కొత్తది ఎక్కించాం. మాట్లాడుకున్నది తక్కువ. "ఆ పానా ఇటివ్వు", "బోల్టు పట్టు", అంతే. మార్చిలో ఇంజన్ స్టార్టయింది. కొట్టం గోడలు అదిరాయి. లూయెల్లా తలుపు దగ్గర నిలబడి ఏప్రను అంచుతో కళ్ళు ఒత్తుకుంది. మెర్ల్ నవ్వలేదు. ఇంజన్‌కు చెవి దగ్గరగా పెట్టి బేరింగుల చప్పుడు విన్నాడు, చాలాసేపు. "శుభ్రంగా ఉంది" అన్నాడు.

ఒకసారి ఆ బండిని ప్రదర్శనకు తీసుకుపోతే ఒక కుర్ర బేరగాడు వంగి చూసి, "నంబరు లేదేం? వారంటీ ఇంజనా? ఎప్పుడు మార్చారు?" అన్నాడు. "కంపెనీ వాళ్ళు ఇచ్చారు బాబూ, ముప్పై ఏళ్ళు ఆలస్యంగా" అన్నాను. మెర్ల్ పక్కనే ఉన్నాడు. అప్పుడు నవ్వాడు. అంత పెద్దగా నవ్వడం అదే మొదలు.

తర్వాత ఆయన కళ్ళు మసకబారాయి. మిగిలినవాళ్ళ ఇళ్ళకు పోవడానికి ట్రక్కు నేను నడిపేవాణ్ణి. ఇండియానాకు పోయాం, మిషిగన్‌కు పోయాం. కొన్ని ఇళ్ళలో మనిషి పోయి కొడుకులు ఉన్నారు. కొన్ని ఇళ్ళలో బండే లేదు. అయినా మెర్ల్ దిగి, ఆ మాట చెప్పి, టోపీ పెట్టుకుని వచ్చేవాడు. కొందరు అన్నం పెట్టారు. ఒకాయన పెట్టె తీసుకుని, మొహాన తలుపు వేశాడు. ఆ రోజు మెర్ల్ నాతో, "చూశావా, తీసుకున్నాడు" అని సంతోషపడ్డాడు.

ఒక్క ఇంజన్ మాత్రం వెనక్కి వచ్చింది. అది క్లైడ్ మెక్‌కిబ్బన్‌ది. క్లైడ్ బండి కూడా నా బండి లాగే ఇసుకతో పోయింది. మెర్ల్ కాదనడంతో కొత్త ఇంజన్ రాలేదు. ఇనుము పోత పోసే ఫౌండ్రీలో షిఫ్టుకు పోవాలి కాబట్టి పాత మోటార్ సైకిల్ కొన్నాడు. మంచు మీద జారి, లారీ కింద ఎడమ కాలు పోయింది. అక్కడికి పోయేదాకా మెర్ల్‌కు గానీ నాకు గానీ ఇది తెలియదు. గుమ్మం ముందు నిలబడి ఇసుక సంగతి చెప్పి, ఇంజన్ తెచ్చానన్నాడు. క్లైడ్ ఊతకర్ర మీద ముందుకు వచ్చి, "ఎక్కడ బిగిస్తావు? నా కాలికి బిగిస్తావా?" అన్నాడు.

మెర్ల్ వెనక్కి తిరిగి ట్రక్కులో ఉన్న పెట్టె వైపు చూశాడు. తర్వాత, "మళ్ళీ ఎప్పుడైనా రావచ్చా?" అని అడిగాడు. "వద్దు" అన్నాడు క్లైడ్. మెర్ల్ మళ్ళీ పోలేదు. రమ్మనేదాకా పోకూడదన్నాడు. ట్రక్కులో కూర్చుని ఏడుస్తుంటే నేను ఓదార్చబోయాను. "కోపం తగ్గుతుందిలే, ఎప్పటికైనా క్షమిస్తాడు" అన్నాను. నా మీద మండిపడ్డాడు. "ఎందుకు క్షమించాలి? నా ప్రాణం కుదుటపడటానికా? ఆ మనిషి దగ్గర అది కూడా లాక్కోమంటావా?" అన్నాడు.

ఆ పెట్టె మెర్ల్ షెడ్డులో ఉంది. దాన్ని ఎవరికీ అమ్మేది లేదని ఆర్లీన్ గారు నాతో అన్నారు.

మిత్రులారా, నేను మెర్ల్‌ను క్షమించానా? ఆయన నన్ను ఎప్పుడూ అడగలేదు. నేనూ చెప్పలేదు. ట్రక్కులో పక్కపక్కన కూర్చుని అన్ని మైళ్ళు తిరిగాం, ఒకే సీసాలో కాఫీ తాగాం. చెప్పకపోయినా తెలుసులే అనుకున్నాను. తెలుసా? మంగళవారం నుంచి నాకు నిద్ర లేదు. నోరు విప్పి చెప్పని మాట అవతలి మనిషికి అందిందని ఏ ధైర్యంతో అనుకున్నాను నేను? ఒక మాట నమ్మక, ఒక మాట పలకక బతుకులు ఎలా పోతాయో నా కంటే తెలిసినవాడెవడు?

ఇక నా మాట ముగిస్తాను. మెర్ల్ కోసం మనమందరం లేచి, కొద్దిసేపు మౌనంగా నిలబడదాం. కుర్చీలు చప్పుడు కాకుండా నెమ్మదిగా లేవండి.

క్లైడ్, నువ్వు వచ్చావు. తలుపు పక్కన, చివరి వరుసలో కూర్చున్నావు. ఇందాకటి నుంచీ చూస్తున్నాను. నువ్వు లేవొద్దు. కాలు గురించి అనడం లేదు. నీకు లేవాలని లేకపోతే లేవొద్దు. ఎవరూ నీ వైపు తిరిగి చూడరు, నేను చూడనివ్వను. మెర్ల్ ఇక్కడ ఉండి ఉంటే నిన్ను కూర్చోమనే అనేవాడు.

మిగిలినవాళ్ళం నిలబడదాం.